ఆన్‌లైన్ సమూహాల్లో వాక్ స్వాతంత్ర్యం, దాని బాధ్యతలు: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఇప్పుడు ప్రతి కాలనీకి, ప్రతి బడి పూర్వ విద్యార్థులకు, ప్రతి కులసంఘానికి, చివరకు ఒకే చెరువు కింద సాగు చేసుకునే రైతులకు కూడా ఫోనులో ఒక గ్రూపు ఉంది. ఒకప్పుడు రచ్చబండ దగ్గర జరిగిన మాటలన్నీ అక్కడికి చేరాయి. అయితే రచ్చబండ దగ్గర ఎదుటి మనిషి ముఖం కనబడేది, అన్న మాట ఆ పదిమంది దగ్గరే ఆగేది. తెలుగు ఉపాధ్యాయుడిగా ఉద్యోగ విరమణ చేసిన తరువాత ఇటువంటి గ్రూపుల్లో తగవు వచ్చినప్పుడల్లా నన్ను అడిగిన ప్రశ్నలను, వాటికి నేను చదివి తెలుసుకొని చెప్పిన సమాధానాలను ఇక్కడ రాస్తున్నాను. కేసు దాకా వెళ్లిన విషయమైతే న్యాయవాదిని కలవడమే సరైన దారి.

రాజ్యాంగం నాకు వాక్ స్వాతంత్ర్యం ఇచ్చింది కదా, నేను ఏమి రాసినా ఎవరు అడగగలరు?

రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ప్రతి పౌరునికి వాక్ స్వాతంత్ర్యాన్ని, భావప్రకటన స్వేచ్ఛను ఇచ్చిన మాట నిజం. ఆ వెంటనే ఉన్న 19(2) అధికరణం, సహేతుకమైన ఆంక్షలను చట్టం ద్వారా విధించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, ప్రజాశాంతి, మర్యాద లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి పురిగొల్పడం అన్నవే ఆ ఆంక్షలకు ఆధారాలు. వీటిలో కొన్ని 1950లో లేవు. ప్రజాశాంతి, నేరానికి పురిగొల్పడం అన్నవి, ‘సహేతుకమైన’ అన్న మాటతో పాటు 1951లో మొదటి సవరణ ద్వారా చేరాయి, సార్వభౌమత్వం, సమగ్రత అన్నవి 1963లో వచ్చాయి.

ఈ జాబితాను రెండు వైపుల నుంచీ చదవాలని నా మనవి. హక్కుకు హద్దు ఉందని చెప్పడానికి అది ఎంత అవసరమో, ఆ హద్దును ఎవరికి తోచినట్టు వారు జరపరాదని చెప్పడానికీ అంతే అవసరం. ఆ జాబితాలో లేని కొత్త కారణంతో వాక్ స్వాతంత్ర్యానికి కోత పెట్టరాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2023 జనవరిలో స్పష్టం చేసింది. ఒక మాట నాకు నచ్చలేదన్నది గానీ, మా నాయకుణ్ణి విమర్శించారన్నది గానీ ఆ జాబితాలో ఎక్కడా లేదు.

గ్రూపులో నా పోస్టు తొలగించారు, తరువాత నన్నే తీసివేశారు. ఇది నా హక్కుకు భంగం కాదా?

వాక్ స్వాతంత్ర్యం ప్రధానంగా ప్రభుత్వం నుంచి మనకు దొరికే రక్షణ. పైన చెప్పిన తీర్పులోనే, ఈ హక్కును ప్రైవేటు వ్యక్తుల మీద కూడా కోరవచ్చునని అధిక సంఖ్యాక న్యాయమూర్తులు అభిప్రాయపడ్డారు. కానీ ఒక కాలనీ గ్రూపు అడ్మిన్ మిమ్మల్ని తీసివేసినంత మాత్రాన అది రాజ్యాంగ వివాదం కాదు. మీ ఇంట్లో కూర్చొని మాట్లాడే అతిథిని మీరు లేచి వెళ్లమనవచ్చు, ఆ అతిథికి బజారులో మాట్లాడే హక్కు మాత్రం అలాగే ఉంటుంది.

అంతటితో అడ్మిన్ చేసింది న్యాయమేనని కూడా కాదు. నీళ్లు ఏ రోజు వదులుతారో, రేషను ఏ రోజు ఇస్తారో, పింఛన్ల జాబితా ఎప్పుడు వచ్చిందో తెలిసే ఒకే ఒక్క చోటు ఆ గ్రూపే అయినప్పుడు, ఒక మనిషిని దాని నుంచి తీసివేయడం ఊరి బావి దగ్గరికి రానివ్వకపోవడం వంటిదే. అటువంటి గ్రూపుల్లో తీసివేతకు ముందు ఒకసారి హెచ్చరిక, కారణం చెప్పడం, సంజాయిషీకి అవకాశం తప్పక ఉండాలి. సమాచారానికి ఒక గ్రూపు, చర్చకు మరొకటి వేరుగా పెట్టుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

నియమాలు పెట్టడమంటేనే నోరు నొక్కడం కాదా?

ఈ ప్రశ్న అడిగేవారికి నేను 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సంఘటన చెబుతాను. వివేకవర్ధిని థియేటరులో నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ జరుగుతున్నది. స్త్రీవిద్య కోసం పాటుపడిన మహర్షి కార్వే అధ్యక్షత వహించారు. ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లీషులో ప్రసంగాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టగానే సభికులలో కొందరు ఈలలు వేసి, గోల చేసి, ఎగతాళి చేశారు. ఆ అవమానం నుంచే నిజాం రాజ్యంలోని తెలుగువారి సంఘమైన ఆంధ్ర జనసంఘం పుట్టింది, అదే తరువాత ఆంధ్ర మహాసభ ఉద్యమానికి దారి తీసింది.

ఆ సభలో ఆయన మాట్లాడరాదని ఏ చట్టమూ అనలేదు, ఏ పోలీసూ వచ్చి ఆపలేదు. సాటి సభికులే ఆపారు. ఈల వేయడం కూడా భావప్రకటనే అని ఎవరైనా వాదించవచ్చు, కానీ ఆ భావప్రకటన వల్ల ఒక మనిషి మాట ఆగిపోయింది. నేటి గ్రూపుల్లో జరుగుతున్నది తరచుగా ఇదే. ఒక స్త్రీ తన అభిప్రాయం రాయగానే ఇరవైమంది వెకిలి వ్యాఖ్యలతో మీద పడితే, ఆమె మరునాటి నుంచి రాయదు. ఆమెను ఎవరూ తొలగించలేదు, అయినా ఆమె గొంతు ఆ గ్రూపులో లేదు. అందుచేత ఏ నియమమైనా మంచిదా చెడ్డదా అని తేల్చడానికి నేను ఒకటే అడుగుతాను: ఈ నియమం ఉన్నప్పుడు ఎక్కువమంది మాట్లాడగలుగుతున్నారా, లేనప్పుడా? వ్యక్తిగత దూషణ వద్దనే నియమం నోళ్లు తెరిపిస్తుంది. ‘పెద్దల మీద విమర్శలు వద్దు’ అనే నియమం మూయిస్తుంది.

విమర్శకూ, పరువు నష్టానికీ తేడా ఎలా గుర్తించాలి?

ఎక్కువ తగవులు ఇక్కడే పుడతాయి కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. మీ వీధిలో సీసీ రోడ్డు వేసిన ఆరు నెలలకే పగుళ్లు వచ్చాయనుకుందాం. ‘రోడ్డు ఆరు నెలలకే పగిలింది’ అని ఫొటోతో సహా రాస్తే అది వాస్తవం. ‘పని నాసిగా జరిగింది, పర్యవేక్షణ లేదు’ అని రాస్తే అది ఆ వాస్తవం మీద మీ అభిప్రాయం. ‘బిల్లులో సగం సర్పంచే తిన్నాడు’ అని రాస్తే అది ఒక మనిషి మీద నేరారోపణ. మొదటి రెండింటినీ నిర్భయంగా రాయవచ్చు, రాయాలి కూడా. మూడవది రాయడానికి చేతిలో కాగితం ఉండాలి.

పరువు నష్టం మన దేశంలో సివిల్ తప్పిదమే కాక నేరం కూడా. పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షను దీని గురించి చెబుతుంది, శిక్ష రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ కావచ్చు. పాత శిక్షాస్మృతిలోని ఇటువంటి సెక్షన్లు రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 2016లో నిర్ణయించింది. పరువు నష్టాన్ని నేరంగా ఉంచడం న్యాయమా కాదా అన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది. జైలు భయం ఎక్కువగా పనిచేసేది చిన్నవాళ్ల మీదనే కాబట్టి అది సివిల్ తప్పిదంగా మాత్రమే ఉంటే మేలని నా అభిప్రాయం. ఏమైనా చట్టం అదే సెక్షనులో మినహాయింపులనూ ఇచ్చింది. ప్రజాహితం కోసం చెప్పిన నిజం, అధికారంలో ఉన్నవారి విధి నిర్వహణ మీద సద్భావనతో వెలిబుచ్చిన అభిప్రాయం పరువు నష్టం కావు.

కాగితం ఎక్కడ దొరుకుతుందంటే, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే సాధారణంగా 30 రోజుల్లో సమాధానం రావాలి. అంచనా ఎంత, కొలతల పుస్తకంలో ఏమి రాశారు, బిల్లు ఎంత చెల్లించారు అన్న మూడు కాగితాలు తెచ్చి గ్రూపులో పెడితే, ‘తిన్నాడు’ అన్న మాట మీరు అనవలసిన అవసరమే రాదు. చదివినవారికి అర్థమవుతుంది.

నేను రాయలేదు, వచ్చిన దాన్ని పంపానంతే. నాకేమి బాధ్యత?

పంపిన ప్రతి మనిషీ ఆ మాటకు మరొక గొంతు ఇచ్చినవాడే. 1922లో ఒద్దిరాజు సోదరులు నేటి మహబూబాబాద్ జిల్లాలోని ఇనుగుర్తి అనే పల్లె నుంచి తెనుగు పత్రికను నడిపారు. అక్షరం పక్కన అక్షరం పేర్చి అచ్చు వేసే ఆ పనిలో, ఒక వాక్యం పాఠకుని చేరేలోపు దానిని పదిసార్లు చూసే తీరిక ఉండేది. ఇప్పుడు ఆ తీరికను మనమే కల్పించుకోవాలి.

2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతులు ఫోన్ల ద్వారా తెలంగాణ పల్లెల్లో వ్యాపించాయి. ఎక్కడివో వీడియోలు, ఎవరివో ఫొటోలు, కింద ‘మన జిల్లాలోనే’ అన్న ఒక్క మాట. రాత్రిపూట కొత్తగా కనబడిన మనుషుల మీద గుంపులు దాడి చేశాయి, అమాయకుల ప్రాణాలు పోయాయి. ఆ ఏడాదే దేశవ్యాప్తంగా ఇటువంటి హత్యలు జరగడంతో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. ఆ గుంపుల్లో కర్ర పట్టినవారు కొందరే, ఆ వార్తను పంపినవారు వేలమంది. వారిలో ఎక్కువమంది ‘పిల్లలున్న ఇళ్లవాళ్లు జాగ్రత్తపడతారు’ అనే మంచి ఉద్దేశంతోనే పంపి ఉంటారు. ఈ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అంటే ఆపద గురించి రాయవద్దని కాదు. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి మునిగి, జనం ఇళ్ల కప్పుల మీదికి ఎక్కినటువంటి రోజున ప్రతి నిజమైన కబురూ ఒక ప్రాణం. అటువంటి రోజుల్లోనే ‘చెరువు కట్ట తెగింది’ అన్న అబద్ధపు వాయిస్ మెసేజ్ చీకట్లో ఊరంతటినీ ప్రమాదకరమైన దారిన పరుగెత్తించగలదు. కబురు పంపేటప్పుడు ఎక్కడ, ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఎవరు స్వయంగా చూశారు అన్నవి రాయండి. ఇవి లేని కబురు మీ దగ్గరికి వస్తే, పంపినవారిని అడగండి. మేడారం జాతరలో తప్పిపోయిన పిల్లల ఫొటోలు పంపేవారు తేదీ వేయకపోతే, ఆ బిడ్డ ఇల్లు చేరి బడికి పోతున్నా ఆ ఫొటో తిరుగుతూనే ఉంటుంది.

సభ్యులు రాసిన దానికి అడ్మిన్ జైలుకు పోవలసి వస్తుందా?

సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్ కేవలం అడ్మిన్ అయినందువల్ల నేరబాధ్యుడు కాడని 2021లో బొంబాయి హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు తీర్పులు చెప్పాయి. అడ్మిన్‌కు ముందే తెలిసి, అతని ప్రోద్బలం కూడా ఉంటే సంగతి వేరు. ఈ భయంతో గ్రూపులకు తాళం వేయవలసిన అవసరం లేదు, హింసకు పిలుపునిచ్చే పోస్టు కంటబడిన వెంటనే తీసివేసి ఎందుకు తీసివేశారో రాస్తే చాలు.

ప్రభుత్వాన్ని, నాయకులను విమర్శిస్తే కేసు పెడతారని ఇంట్లోవాళ్లు భయపడుతున్నారు. రాయడం మానుకోవాలా?

మానుకోవద్దు. ఇంట్లోవాళ్ల భయానికి కారణం ఉంది, దాన్ని కొట్టిపారేయలేను. సమాచార సాంకేతిక (ఐటీ) చట్టంలోని 66ఎ సెక్షను ‘చిరాకు’, ‘అసౌకర్యం’ వంటి అస్పష్టమైన మాటలతో మూడేళ్ల జైలుకు దారి వేసేది. సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో దాన్ని పూర్తిగా కొట్టివేసింది. ఆ తీర్పు చేసిన మేలు మరొకటి ఉంది. ఒక విషయాన్ని చర్చించడం, దానికి అనుకూలంగా వాదించడం, నేరానికి పురిగొల్పడం అనే మూడు మెట్లను అది విడదీసి చూపింది. మొదటి రెండు ఎంత కటువుగా ఉన్నా అవి హక్కు, మూడవ మెట్టు దగ్గరే ప్రభుత్వం జోక్యం చేసుకోవచ్చు. కొట్టివేసిన ఆ సెక్షను కిందనే ఆ తరువాత కూడా కేసులు నమోదవుతూ రావడం వల్ల, అటువంటివి కొనసాగించరాదని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశించవలసి వచ్చింది.

2025 మార్చిలో ఒక కవిత మీద గుజరాత్‌లో పెట్టిన కేసును కొట్టివేస్తూ, మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే ఇటువంటి ఆరోపణల్లో కేసు నమోదుకు ముందు ప్రాథమిక విచారణ జరపడం మంచిదని అదే న్యాయస్థానం చెప్పింది. అదే సంవత్సరం తెలంగాణ హైకోర్టు కూడా రాజకీయ విమర్శ పోస్టుల మీద యాంత్రికంగా కేసులు పెట్టరాదని పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చింది. మీకు పోలీసుల నుంచి పిలుపు వస్తే లిఖితపూర్వకమైన నోటీసు అడగండి, న్యాయవాదితో వెళ్లండి, కంగారుపడి పోస్టును, ఫోనులోని వివరాలను చెరిపివేయకండి.

ఈ నేల మీద మాటకు చెల్లించిన వెల చిన్నది కాదు. సభ జరపాలంటే ముందస్తు అనుమతి తప్పదన్న గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు నిజాం రాజ్యంలో ఉండేది. దాశరథి కృష్ణమాచార్య నిజామాబాద్ జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారు. మహబూబాబాద్ ప్రాంతంలో పుట్టిన షోయబుల్లా ఖాన్, ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడిగా రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాదు వీధిలో హత్యకు గురయ్యారు, అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

మనల్ని కించపరిచే రాత కనబడితే ఫిర్యాదు చేయాలా, జవాబు రాయాలా?

అవమానకరమైనా చర్చకు తగిన మాటైతే జవాబే రాయండి. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న అర్థం వచ్చే మాట ఒకరు అన్నప్పుడు, గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి ఆ మాటను నిషేధించమని ఎవరినీ కోరలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. ఆ మాట అన్నవారి వాదన ఆ పుస్తకంతో ముగిసింది.

జవాబు పనిచేయని మాటలూ ఉన్నాయి. కులం పేరుతో దూషణ అటువంటిది. షెడ్యూల్డ్ కులాలు, తెగల వారిని బహిరంగంగా కులం పేరుతో అవమానించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. మతం, కులం, భాష, జన్మస్థలం పేరిట వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షను కింద నేరం. ఇక్కడ బాధితుణ్ణి ‘నువ్వే జవాబు చెప్పు’ అని ఒంటరిగా వదిలేయడం తప్పు. మొదటి అభ్యంతరం ఆ కులానికి, ఆ మతానికి చెందని సభ్యుని నుంచి రావాలి.

యాసను వెక్కిరించడం నేరం కాకపోవచ్చు. కానీ చదువు తక్కువైన ఒక పెద్దాయన తన మాటలో వాయిస్ మెసేజ్ పెడితే దానికి నవ్వు బొమ్మలు పెట్టేవారు, వంద సంవత్సరాల కిందటి ఆ సభలో ఈలలు వేసినవారి పనే చేస్తున్నారు.

మారుపేరుతో రాయడం పిరికితనమా?

కాదు. పై అధికారి అన్యాయం గురించి రాసే చిరుద్యోగికి, ఇంట్లో హింస గురించి అడిగే స్త్రీకి మారుపేరు ఒక చూరు వంటిది. కానీ మరొకరి పేరు, ఫొటో పెట్టుకొని వారిలా నటించడం ఐటీ చట్టం కింద నేరం కాగలదు. మారుపేరు వెనక నిలబడి, పేరు పెట్టి మరొకరిని నిందించడం మాత్రం నాకు సమ్మతం కాదు. ఎదుటివాడు పరువును పణంగా పెడుతున్నప్పుడు మనం ఏదీ పణంగా పెట్టకుండా మాట్లాడరాదు.

బెదిరింపులు, అసభ్యమైన ఫొటోలు వస్తే ఏమి చేయాలి?

ఇది వాక్ స్వాతంత్ర్యం కిందికి రానే రాదు, కాబట్టి చర్చించవలసినదీ లేదు. తేదీ, సమయం, పంపినవారి నంబరు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోండి, ఆ తరువాతే బ్లాక్ చేయండి. జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930. మహిళలకు 181 కూడా ఉంది, తెలంగాణలో 2014 నుంచి మహిళల రక్షణకు షీ టీములనే పోలీసు బృందాలు పనిచేస్తున్నాయి. 2021 నాటి ఐటీ నియమాల ప్రకారం ప్రతి సామాజిక మాధ్యమ సంస్థకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి, అతని నిర్ణయం సరికాదనిపిస్తే అప్పీలు కమిటీని ఆశ్రయించవచ్చు. ఇరుగుపొరుగువారు ఆమెను ‘నువ్వెందుకు ఫొటో పెట్టావు’ అని అడగకుండా ఉండటం అన్నిటికన్నా ముందు కావలసిన సహాయం.

తప్పు రాశానని తరువాత తెలిసింది. పోస్టు తొలగిస్తే సరిపోతుందా?

సరిపోదు. తొలగించిన పోస్టు చదివినవారి మనసులోంచి తొలగిపోదు. ఎక్కడ రాశారో అక్కడే, అంతమందికీ కనబడేలా, ‘ఫలానా రోజు నేను రాసింది తప్పు, నిజం ఇది’ అని రాయాలి. ‘ఎవరినైనా నొప్పించి ఉంటే’ అన్న మాట వద్దు, ఎవరిని నొప్పించామో మనకు తెలుసు.

కొన్నేళ్ల కిందట ఒక ఎండాకాలం మా కాలనీకి వరుసగా మూడు రోజులు నీళ్ల ట్యాంకరు రాలేదు. డ్రైవరు డబ్బు తీసుకొని మరో వీధికి మళ్లిస్తున్నాడని ఎవరో నాతో అంటే, ఉపాధ్యాయుడి మాటకు గ్రూపులో ఉండే బరువును తలచుకోకుండా, అదే రాశాను. సాయంత్రానికి నలభైమంది అతన్ని తిట్టారు. నీళ్లు నింపే చోట మోటారు కాలిపోయిందని, అతను రెండు రోజులు అక్కడే పడిగాపులు పడ్డాడని మరునాడు తెలిసింది. గ్రూపులో క్షమాపణ రాశాను, చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. కానీ అతను ఆ గ్రూపులో లేడు. అతని దగ్గర ఉన్నది మీటల ఫోను. తన మీద అంత విచారణ జరిగి తీర్పు వెలువడినట్టు, ఆ తీర్పు రద్దయినట్టు కూడా అతనికి తెలియదు, నాలుగో రోజు నీళ్లు తెచ్చినప్పుడు మా వీధివాళ్లు ఎందుకు ముఖం తిప్పుకున్నారో మాత్రం అర్థం కాక నిలబడ్డాడు. ఆ రోజు ట్యాంకరు దగ్గరికి వెళ్లి, బిందెలతో నిలుచున్న అందరి ముందు, నేను ఏమి రాశానో, అది ఎందుకు అబద్ధమో అతనికి మొదటి నుంచి చెప్పాను.